బొమ్మ గీయడం తేలికే, వేలు ఎక్కడుందో తెలియడమే కష్టం

ఒక చిన్న ఆట ఉందనుకుందాం. స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే బంతికి బలం పెరుగుతూ పోతుంది, వదిలేస్తే బంతి ఎగురుతుంది. విండోస్‌లో రాసి, అక్కడే ఆడి చూసి, బాగుందనుకున్న ఈ ఆటను లినక్స్‌లో విండోలనూ మౌస్, కీబోర్డులనూ చూసుకునే ఎక్స్ విండో సిస్టమ్ మీదికి తెచ్చారు. బొమ్మలు చక్కగా వచ్చాయి. రంగులు సరిపోయాయి. కానీ స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే సెకను తిరిగేలోపే బంతి దానంతట అదే ఎగిరిపోయింది. ఇంకా పట్టుకుంటే బలం లేని బంతులు టపటపా రాలుతూనే ఉన్నాయి. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, వేలు మీట మీద నుంచి కదల్లేదు.

మీటను అలాగే పట్టుకుంటే అక్షరం పదే పదే పడాలన్నది టైపింగ్ కోసం పెట్టుకున్న పాత ఏర్పాటు. ఆ పని చేసేటప్పుడు విండోస్ ప్రోగ్రామ్‌తో "నొక్కారు, నొక్కారు, నొక్కారు" అంటూ పోతుంది. వేలు నిజంగా లేచినప్పుడే "వదిలారు" అంటుంది. ఎక్స్ మాత్రం మామూలుగా ప్రతిసారీ "వదిలారు, నొక్కారు" అనే జంటను పంపుతుంది. టైపింగ్‌కి రెండు పద్ధతులూ ఒకటే, తేడా పైకి కనిపించదు. ఎంతసేపు పట్టుకున్నారన్నది ముఖ్యమైన ఆటకు మాత్రం రెండో పద్ధతి అబద్ధం చెప్పినట్టే. ఎక్స్‌లో ఈ అబద్ధాన్ని ఆపమని అడిగే వీలుంది, ఆ వీలుందని తెలిసినవాళ్లకు.

ఒక కంప్యూటర్ కోసం రాసిన గ్రాఫిక్స్ ప్రోగ్రామ్‌ను ఇంకోదానికి మార్చేటప్పుడు ఎక్కువగా తలనొప్పి తెచ్చేది ఇలాంటివే. బొమ్మది ఒకవైపు ప్రయాణం. ఈ గీత ఇక్కడి నుంచి అక్కడికి గీయమని చెబితే చాలు, తెర దాన్ని తనకు వచ్చినట్టు చూపిస్తుంది. కాస్త మందం తేడా వస్తే ఎవరూ పట్టించుకోరు. ఇన్‌పుట్ అలా కాదు, అది సంభాషణ. ఎప్పుడు చెప్పారు, ఎన్నిసార్లు చెప్పారు, ఎవరికి చెప్పారు అన్నవన్నీ అందులో అర్థంలో భాగమే.

ఈ సమస్య మౌస్ కంటే ముందు నుంచీ ఉంది. ఐవన్ సదర్లాండ్ 1963లో ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీలోని టీఎక్స్-2 కంప్యూటర్ మీద స్కెచ్‌ప్యాడ్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్ నడిపినప్పుడు చేతిలో ఉన్నది లైట్ పెన్. పేరు చూసి అది వెలుగు చిమ్ముతుందని అనుకుంటారు గానీ, అది చేసే పని వెలుగును చూడటం. ఆ రోజుల తెరలో ఎలక్ట్రాన్ కిరణం బొమ్మలోని గీతలను ఒకదాని తర్వాత ఒకటి, కంటికి ఆగినట్టు కనిపించేంత వేగంగా, మళ్లీ మళ్లీ గీస్తూ ఉండేది. పెన్ను కింద ఉన్న గీత వెలిగిన క్షణంలో పెన్ను సంకేతం ఇస్తుంది. ఆ క్షణంలో ఏ గీత గీస్తున్నదో కంప్యూటర్‌కి తెలుసు. అంటే "ఏ వస్తువును చూపించారు?" అన్న ప్రశ్నకు జవాబు వెతక్కుండానే దొరుకుతుంది. "ఖాళీ తెర మీద ఎక్కడ చూపించారు?" అన్నదే ఇబ్బంది. ఖాళీ చోట వెలుగు ఉండదు గనుక, పెన్ను వెంట నడిచే చిన్న ప్లస్ గుర్తును ప్రోగ్రామే గీస్తూ దాని స్థానాన్ని గమనించుకోవాలి.

1970ల మొదట్లో టెక్‌ట్రానిక్స్ 4010 లాంటి స్టోరేజ్ ట్యూబ్ టెర్మినళ్లు వచ్చాయి. ధర తక్కువ కావడంతో బాగా పాకాయి. వీటిలో గీత ఒక్కసారి గీస్తే చాలు, చెరిపేదాకా తెర మీద అలాగే వెలుగుతూ ఉంటుంది. మళ్లీ గీసే పనే లేదు కాబట్టి లైట్ పెన్‌కు అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. దాని బదులు రెండు చిన్న చక్రాలు తిప్పితే ఒక అడ్డగీత, ఒక నిలువుగీత తెర మీద కదులుతాయి. కావలసిన చోటికి తెచ్చి ఒక మీట నొక్కితే ఆ అక్షరమూ ఆ స్థానమూ కంప్యూటర్‌కి వెళ్తాయి. ఇక్కడ "ఎక్కడ?" అన్నది ఉచితం. "ఏ వస్తువు?" అని తెలియాలంటే బొమ్మలోని ప్రతి గీతనూ ఆ బిందువుతో పోల్చి చూడాలి. లైట్ పెన్‌కు సరిగ్గా తిరగబడిన పరిస్థితి. లైట్ పెన్‌ను నమ్ముకుని రాసిన ప్రోగ్రామ్‌ను దీని మీదికి తేవాలంటే కొత్తగా రాసినంత పని.

ఈ ముడి విప్పే దారిని జేమ్స్ ఫోలీ, విక్టర్ వాలెస్ అనే పరిశోధకులు 1974లో ఒక పరిశోధన పత్రంలో చూపించారు. ప్రోగ్రామ్ పరికరం పేరు చెప్పి అడగకూడదు, తనకు ఏ రకం జవాబు కావాలో చెప్పి అడగాలి. చోటు కావాలా, వస్తువు కావాలా, ఒక సంఖ్య కావాలా, మీటల్లో ఏదో ఒకటి కావాలా? ఆ జవాబును చేతిలో ఉన్న పరికరంతో ఎలా రాబట్టాలన్నది కింది పొర చూసుకుంటుంది. లైట్ పెన్ లేకపోతే బిందువుతో వెతికి వస్తువు తేవచ్చు. తిప్పే గుండీ లేకపోతే తెర మీద జారుడు గీత చూపించి సంఖ్య తేవచ్చు.

1985లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ దగ్గర 7942 నంబర్ ప్రమాణమైన జీకేఎస్ (గ్రాఫికల్ కర్నల్ సిస్టమ్) ఈ ఆలోచననే తీసుకుని ఆరు ఊహా పరికరాలుగా చేసింది. బిందువు ఇచ్చేది లొకేటర్, బిందువుల వరుస ఇచ్చేది స్ట్రోక్, సంఖ్య ఇచ్చేది వాల్యుయేటర్, కొన్నింటిలో ఒకటి ఎంచేది చాయిస్, వస్తువును చూపేది పిక్, అక్షరాలు ఇచ్చేది స్ట్రింగ్. అంతకుముందు 1977లో అమెరికాలో కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణుల సంఘం సిగ్‌గ్రాఫ్ తయారుచేసిన కోర్ ప్రతిపాదనలోనూ ఇదే రక్తం ఉంది. జర్మనీ ప్రమాణాల సంస్థ డిన్‌లో పుట్టిన జీకేఎస్ ముందుగా ఐఎస్ఓ గడప దాటింది.

ఆరు పరికరాల కంటే జీకేఎస్ చెప్పిన మూడు పద్ధతులే ఇవాళ్టికి ఎక్కువ పనికొస్తాయి. మొదటిది రిక్వెస్ట్: అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చోవడం. రెండోది శాంపిల్: గోడ గడియారం వైపు చూసినట్టు, ఇప్పుడు విలువ ఎంత ఉందో చూసి పోవడం. మూడోది ఈవెంట్: ఉత్తరాల డబ్బాలో పడ్డవాటిని పడ్డ వరుసలో తీసి చదవడం. ఇప్పటి గేమ్ లైబ్రరీల్లో "మీట ఇప్పుడు నొక్కి ఉందా?" అనే ఫంక్షన్ ఒకటి, "ఏమేం జరిగాయి?" అని క్యూలోంచి తీసుకునే ఫంక్షన్ ఒకటి పక్కపక్కనే కనిపిస్తాయి. అవి శాంపిల్, ఈవెంట్. పేర్లు మారాయంతే. ఈ రెండింటినీ కలగలపడం వల్ల వచ్చే బగ్గులు మాత్రం మారలేదు. సెకనుకు 60 సార్లు మాత్రమే మీట స్థితిని చూసే ఆటలో, రెండు చూపుల మధ్య నొక్కి వదిలేసిన మీట అసలు జరగనట్టే పోతుంది. పెన్‌తో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పెన్ కింది టాబ్లెట్ సెకనుకు రెండు వందల బిందువులు ఇస్తుంటే ప్రోగ్రామ్ ఫ్రేమ్‌కి ఒకటి తీసుకుంటే, గుండ్రని సున్నా కాస్తా పలకలు తేలిన బహుభుజి అవుతుంది. బ్రౌజర్లలో ఫ్రేమ్‌కి ఒకటిగా కుదించిన పాయింటర్ ఈవెంట్ల వెనక దాగిన బిందువులను మళ్లీ అడిగి తీసుకునే ఫంక్షన్‌ను ప్రత్యేకంగా చేర్చాల్సి వచ్చింది. జీకేఎస్ స్ట్రోక్‌ను లొకేటర్ నుంచి విడదీయడంలో ఎంత ముందుచూపు ఉందో అప్పుడు అర్థమవుతుంది.

జీకేఎస్‌లో ఇంకో చక్కని సంగతి: లొకేటర్ బిందువు ఒక్కటే ఇవ్వదు. ఆ బిందువు ఏ కొలతల చట్రంలోదో చెప్పే నంబర్‌ను కూడా ఇస్తుంది. తెర మీద రెండు చట్రాలు ఒకదానిమీద ఒకటి ఉంటే, ప్రాధాన్యం ఎక్కువ ఉన్నదానికి ఆ బిందువు చెందుతుంది. ఒకదానిమీద ఒకటి పరుచుకున్న విండోల్లో "ఈ క్లిక్ ఎవరిది?" అన్న ప్రశ్నకు ఇవాళ ఇస్తున్న జవాబు కూడా ఇదే.

మరి ఇంత ఆలోచించి కట్టిన జీకేఎస్ ఇన్‌పుట్ ఎందుకు నిలవలేదు? ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడకం తగ్గడం, ప్రమాణం బరువుగా ఉండటం లాంటి కారణాలు చెబుతారు. అవి నిజమే గానీ అసలు లోపం ఎకోలో ఉందనిపిస్తుంది. చేయి కదుపుతుంటే తెర మీద కనిపించే ప్రతిస్పందనను జీకేఎస్ ఎకో అంటుంది. దాన్ని కూడా కింది పొరే చూసుకోవాలని నిర్ణయించి, లొకేటర్‌కి కొన్ని రకాలు రాసిపెట్టారు: అడ్డగీత నిలువుగీత, ప్లస్ గుర్తు, సాగే గీత, సాగే దీర్ఘచతురస్రం, అంకెలు, ఇవి కాక ఆ యంత్రానికి సొంతమైనది ఏదైనా. సాగే గీత గళ్లకు అతుక్కోవాలంటే? పక్కనున్న మూలను సమీపించగానే రంగు మారాలంటే? గీత సాగుతుంటే దాని పొడవు పక్కనే కనిపించాలంటే? జాబితాలో లేదు. అప్పుడు ప్రోగ్రామర్ ఎకోను పక్కన పెట్టి, శాంపిల్ పద్ధతిలో తిప్పుతూ అంతా చేత్తో రాసుకోవాలి. గ్రాఫిక్స్ ప్రోగ్రామ్ గుణం తెలిసేదే ఆ మధ్య క్షణాల్లో. నొక్కడానికీ వదలడానికీ మధ్య జరిగేదే అసలు పని. దాన్ని ప్రోగ్రామ్ చేతిలోంచి తీసుకున్న ఏ పద్ధతినీ మంచి ప్రోగ్రామర్లు ఎక్కువ కాలం వాడరు.

1987లో వచ్చిన ఎక్స్ పదకొండో వెర్షన్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. అది అర్థాల జోలికి పోదు. బటన్ నొక్కారు, పాయింటర్ కదిలింది, మీట వదిలారు అని జరిగింది జరిగినట్టు చెబుతుంది, అర్థం నీదే అంటుంది. 1992లో వచ్చిన ఓపెన్‌జీఎల్ అనే బొమ్మలు గీయించే ప్రమాణం ఇంకో అడుగు ముందుకేసి ఇన్‌పుట్‌ను, విండోలను అసలు తన పరిధిలోకే రానివ్వలేదు. అది రకరకాల యంత్రాల మీద నడిచేదిగా నిలబడటానికి ఆ తప్పుకోవడమూ ఒక కారణమే. ఆ ఖాళీని నింపడానికి గ్లట్, ఎస్‌డీఎల్, జీఎల్ఎఫ్‌డబ్ల్యూ లాంటి లైబ్రరీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇవి పైపైన చూస్తే పలచని పొరలే. కానీ వాటి లోపల ఉన్నదంతా మొదట చెప్పిన బంతి ఆట లాంటి చేదు అనుభవాల పోగు.

ఉదాహరణకు లాగడం. ఒక బొమ్మను మౌస్‌తో పట్టుకుని లాగుతూ విండో అంచు దాటి బయట వదిలేస్తే, ఆ వదిలిన కబురు ఎవరికి చేరాలి? ఎక్స్‌లో బటన్ నొక్కిన క్షణం నుంచి వదిలేదాకా పాయింటర్ మామూలుగా ఆ విండో సొత్తే. విండోస్‌లో ప్రోగ్రామ్ నోరు తెరిచి పట్టు అడగాలి, అడగకపోతే కబురు రాదు. అప్పుడు పాయింటర్ మళ్లీ విండోలోకి వచ్చినప్పుడు, బటన్ నొక్కకపోయినా బొమ్మ దాని వెంటే వస్తుంది, బంక అంటుకున్నట్టు. మీటలకూ ఇదే తంతు. ఆటలో ముందుకు నడిచే మీట పట్టుకుని ఆల్ట్-ట్యాబ్‌తో వేరే విండోకి పోతే, మీట వదిలిన సంగతి ఆటకు తెలియదు. తిరిగి వచ్చేసరికి మనిషి గోడకు ఆనుకుని ఇంకా నడుస్తూ ఉంటాడు. అందుకే మంచి లైబ్రరీలు విండో ఫోకస్ పోగానే నొక్కి ఉన్న మీటలన్నీ వదిలినట్టు తామే ప్రకటిస్తాయి. నిజానికి ఇది కూడా అబద్ధమే, కాకపోతే పనికొచ్చే అబద్ధం.

చిన్న చిన్న తేడాలు లెక్కలేనన్ని. ఎక్స్‌లో, విండోస్‌లో కొలతలు మొదలయ్యే సున్నా పైన ఎడమ మూలన ఉంటుంది, ఓపెన్‌జీఎల్‌లో కింద ఎడమ మూలన. ఈ తేడా మరిచిపోతే పైన నొక్కితే కింద గీత పడుతుంది. ఇది మొదటి రోజే దొరికిపోయే తప్పు కాబట్టి పెద్దగా భయం లేదు. దొరకనిది పిక్సెళ్ల సాంద్రత తేడా. రెటీనా తెర ఉన్న మ్యాక్‌లో పాయింటర్ స్థానం ఒక కొలతలో, బొమ్మ పిక్సెళ్లు దానికి రెట్టింపు కొలతలో వస్తాయి. మామూలు తెర మీద పరీక్షించినవాళ్లకు ఆ తప్పు ఎప్పటికీ కనపడదు. మౌస్ చక్రం సంగతి మరీ విడ్డూరం. విండోస్‌లో చక్రం ఒక్క గాటు తిరిగితే 120 వస్తుంది. పాత ఎక్స్‌లో చక్రం అంటూ ఏదీ లేదు, పైకి తిప్పితే నాలుగో బటన్, కిందికి తిప్పితే ఐదో బటన్ నొక్కినట్టు వస్తుంది. టచ్‌ప్యాడ్‌లో చిన్న చిన్న ముక్కలుగా, వేలు తీశాక కూడా కాసేపు వస్తూ ఉంటుంది. "ఒక్క గాటుకు ఒక్క మెట్టు జూమ్" అని రాసిన మ్యాప్ ప్రోగ్రామ్ టచ్‌ప్యాడ్ మీద వేలు పెట్టగానే ఊరి నుంచి ఖండానికి ఎగిరిపోయేది ఇందుకే.

ఇక "ఏ వస్తువు?" అన్న పాత ప్రశ్న. ఓపెన్‌జీఎల్‌లో మొదట్లో దీనికోసం సెలెక్షన్ పద్ధతి ఉండేది, 2008లో మూడో వెర్షన్‌తో దాన్ని పాతదిగా ప్రకటించారు. దాని స్థానంలో బాగా వాడుకలో ఉన్న ఉపాయం తమాషాగా ఉంటుంది. తెరకు చూపించకుండా బొమ్మనంతా ఇంకోసారి గీస్తారు, ఒక్కో వస్తువుకు ఒక్కో రంగు ఇస్తారు. పాయింటర్ కింద ఉన్న పిక్సెల్ రంగు చదివితే వస్తువు దొరికినట్టే. "ఈ చోట ఏది గీశారో, అదే చూపించిన వస్తువు" అన్నది లైట్ పెన్ తర్కమే. స్టోరేజ్ ట్యూబ్ దెబ్బకు పోయినది చుట్టు తిరిగి మళ్లీ వచ్చింది. వేలితో తాకే ఫోన్లలో మాత్రం ఒక్క పిక్సెల్ చదివితే చాలదు. వేలి మొన కింద చాలా పిక్సెళ్లు ఉంటాయి కాబట్టి చుట్టుపక్కల కాస్త వెతకాలి. తాకే గుర్తులు కనీసం 44 పాయింట్లు ఉండాలని ఆపిల్, 48 డీపీ ఉండాలని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు చెప్పేది అందుకే. తాకకముందు వేలు ఎక్కడుందో తెలియదు కాబట్టి, పాయింటర్ పైకి రాగానే కనిపించే సూచనలన్నీ ఫోన్‌లో మాయమవుతాయన్నది ఇంకో చిక్కు.

ఇంతవరకూ చూసినదాన్ని బట్టి, జరిగింది జరిగినట్టు చెప్పి అర్థం ప్రోగ్రామ్‌కే వదిలేయడం మేలని తేలుతుంది. కీబోర్డు దగ్గరికి వచ్చేసరికి ఆ సూత్రం తలకిందులవుతుంది.

ఒక మీట నొక్కితే వచ్చే కబురులో మూడు వేరు వేరు సంగతులు ఉంటాయి. కీబోర్డులో ఏ చోటున్న మీట? ఇప్పటి అమరికలో ఆ మీట పేరేమిటి? దానివల్ల ఏ అక్షరం పడింది? ఆటలో నడవడానికి డబ్ల్యూ, ఎ, ఎస్, డి వాడేవాళ్లకు కావలసింది చోటు. ఫ్రెంచ్ కీబోర్డులో ఆ చోట్లలో జడ్, క్యూ, ఎస్, డి ఉంటాయి, అయినా వేళ్లు అక్కడే ఉండాలి. కంట్రోల్-జడ్ లాంటి షార్ట్‌కట్‌కి కావలసింది పేరు. పేరు రాసుకోవడానికి కావలసింది అక్షరం. పాత గ్లట్‌లో మీటల ఫంక్షన్‌కు ఒక్క ఆస్కీ అక్షరం (ఇంగ్లిష్ అక్షరాల పాత సంకేతం) మాత్రమే వచ్చేది, అంటే మూడూ కలిపి ఒకటే. ఇంగ్లిష్‌లో ఆ మూడూ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. ఆ భ్రమ తెలుగులో ఒక్క నిమిషం కూడా నిలవదు.

భారతీయ భాషల కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్‌లో క్ష రావడానికి ఒక దారి: ఇంగ్లిష్ కె ఉన్న మీటతో క, డి మీటతో పొల్లు, షిఫ్ట్ పట్టి కామా మీటతో ష. మూడు నొక్కుళ్లు, యూనికోడ్‌లో మూడు సంకేతాలు, కంటికి ఒక్క అక్షరం. ఇప్పుడు ఒక డ్రాయింగ్ ప్రోగ్రామ్‌లో డి మీటకు "తొలగించు" అని షార్ట్‌కట్ ఉందనుకుందాం. బొమ్మ మీద పేరు రాస్తున్నప్పుడు కూడా ఆ ప్రోగ్రామ్ మీటల చోట్లనే వింటూ ఉంటే, ప్రతి పొల్లుకూ ఒక బొమ్మ పోతుంది. రెండో వైపు నుంచి కూడా ఇబ్బందే. తెలుగు అమరికలో ఉన్నప్పుడు జడ్ మీట ఇంగ్లిష్ జడ్ ఇవ్వదు, కాబట్టి అక్షరాన్ని పోల్చి చూసే ప్రోగ్రామ్‌లో కంట్రోల్-జడ్ పనిచేయదు. చేసిన తప్పు వెనక్కి తీసుకోవాలంటే ముందు భాష మార్చుకోవాలి.

ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెచ్చుకునేవాళ్లకు కథ ఇంకా పొడుగు. కె, ఎస్, హెచ్, ఎ కొడుతుంటే తెర మీద అక్షరం తయారవుతూ, మారుతూ, చివరికి స్థిరపడుతుంది. ఆ మధ్యలో ఉన్నది ఇంకా ఎవరి సొత్తూ కాదు. దాన్ని ప్రోగ్రామ్ అడుగున గీతతో చూపించాలి గానీ రాసినట్టు లెక్కవేసుకోకూడదు. 2013లో వచ్చిన ఎస్‌డీఎల్ రెండో వెర్షన్ మీటల ఈవెంట్లు వేరు, తయారవుతున్న పాఠం వేరు, స్థిరపడిన పాఠం వేరు అని మూడు పాయలుగా ఇచ్చింది. ఫోన్‌లో తెర కీబోర్డు వాడినప్పుడైతే మీటల కబుర్లు వస్తాయన్న ఆశే పెట్టుకోవద్దని ఆండ్రాయిడ్ పత్రాలు నేరుగా చెబుతాయి. అక్కడి బ్రౌజర్‌లో ఏ అక్షరం నొక్కినా చాలాసార్లు 229 అనే ఒకే నంబర్ వస్తుంది. "ఏదో జరుగుతోంది, అయ్యాక చెబుతాను" అని దాని అర్థం.

అంటే ఇక్కడ కావలసింది జీకేఎస్ స్ట్రింగ్ పరికరమే. పాఠం కావాలని అడగాలి, ఎలా తయారవుతుందో వ్యవస్థకు వదిలేయాలి, స్థిరపడినదాన్ని తీసుకోవాలి. సాగే గీత విషయంలో కింది పొర చేతికి ఇవ్వకూడదని తేలిన పనే, అక్షరాల విషయంలో ఇచ్చి తీరాలి. కారణం సూటిగానే ఉంది. బొమ్మను లాగితే ఏం కావాలో ఆ ప్రోగ్రామ్‌కే తెలుసు. క తర్వాత పొల్లు, దాని తర్వాత ష వస్తే ఏం కావాలో అది రాసినవాళ్లకు తెలియనక్కర్లేదు, చాలావరకు తెలియదు కూడా.

ఇంత వదిలేసినా ప్రోగ్రామ్ తన వంతుగా చెప్పాల్సినది ఒకటి మిగులుతుంది: రాత ఎక్కడ పడుతోందో ఆ చోటు. మామూలు ఫారాల్లో ఆ చోటు వ్యవస్థకు ముందే తెలుసు. మొత్తం తెరను తనే గీసుకునే గ్రాఫిక్స్ ప్రోగ్రామ్‌లో అది ప్రోగ్రామ్‌కి తప్ప ఎవరికీ తెలియదు. అందుకే ఎస్‌డీఎల్‌లో పాఠం పడే దీర్ఘచతురస్రాన్ని తెలియజేసే ఫంక్షన్ ఒకటి ఉంది. చాలామంది దాన్ని పిలవడం మరిచిపోతారు. అప్పుడు బొమ్మ నడిమధ్యలో పేరు రాస్తుంటే, అక్షరాల సూచనల పెట్టె తెరకు ఏదో మూలన తెరుచుకుంటుంది.